చెట్టు మందులు - చెరువు చేపలు

చెట్టునుండి తీసిన మందు గదా, దీనివలన ఎవరికేమి హాని యని పలువురు రైతులు తలంచుచున్నారు. పైరుమీద పురుగునకు వేపగింజల కషాయమో, పొగాకు కషాయమో చల్లి, మిగిలినదానిని బోదెలో పారబోసి, పిచికారీ డబ్బాను అక్కడనే కడుగుచున్నారు. ఆ బోదె నీరు చేపల చెరువునకు పోవుచున్నచో ఏమగునో ఆలోచింపవలెను.

చేపలు పెంచువారికి ఈ సంగతి క్రొత్తగాదు. పిల్లలను వదలుటకు ముందు చెరువులోని వాలుగ, కొర్రమీను వంటి వేటచేపలను చంపుటకు వారు వాడునది ఇప్పపిండియే. ఒక హెక్టారు చెరువులో మీటరు లోతు నీరున్నచో 2,500 కిలోలు చల్లుదురు. 10 సెంట్ల గుంటకైనచో సుమారు 100 కిలోలు, అనగా రెండు బస్తాలు. ఇప్పపిండిలోని సాపొనిన్ అను పదార్థము మొప్పలద్వారా నెత్తురులో జేరి ఎర్రకణములను పగులగొట్టును. కొన్ని గంటలలో చేపలు తేలును. ఆ విషము విరుగుటకు 15 నుండి 20 రోజులు పట్టును. పిమ్మట అదే పిండి చెరువునకు ఎరువుగా పనికివచ్చుట విశేషము.

డెర్రిస్ వేళ్ళలోని రొటినోన్ పని వేరు. నీటిలో ప్రాణవాయువున్నను చేప శరీరము దానిని వాడుకొనజాలదు. చేమంతిజాతి పూలనుండి తీయు పైరిత్రమ్ పశువులకు అంతగా హాని చేయదు. చేపకు మాత్రము మిక్కిలి విషము. పశువుల శరీరము దానిని త్వరగా విరుగగొట్టుకొనును, చేపకు ఆ శక్తి తక్కువ. వీనితో పోల్చిన వేప సాధువైనదే. అయినను చిక్కని కషాయము కలిసిన నీటిలో చేపల మొప్పలు వాచి దెబ్బతినుట పరిశోధనలలో కనబడినది. కావున వేప వాడవద్దని నేననను, చెరువులో కలుపవద్దని మాత్రమే అందును.

తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో వెంటనే మందుపై నింద వేయరాదు. ప్రాణవాయువు కొరత యైనచో, ఎండ యెక్కినకొలది అవి సాధారణముగా తేరుకొని లోపలికి పోవును. ఎండ యెక్కినను తేరుకొనక, తూలుచు, ప్రక్కకు ఒరిగి ఈదుచున్నచో విషము కలిసినదేమోయని అనుమానింపవలెను. అప్పుడు పొలమునుండి వచ్చు నీటిని కట్టివేసి, మంచి నీరు పెట్టవలెను. చచ్చి తేలిన చేపలను తినక, అమ్మక పూడ్చివేయుడు.

వరిచేలో చేపలు పెంచువారు మందు చల్లుటకు ముందు నీటిని నెమ్మదిగా తగ్గించినచో చేపలు కందకములోనికి చేరును. మందు చల్లిన పొలపు నీటిని కొన్నాళ్ళు బయటికి వదలరాదు. వాన కురియునట్లున్న దినమున అసలు చల్లకుండుట మేలు. డబ్బా కడిగిన నీటిని గట్టున గుంట తీసి పోయుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. చెరువును చేపలకు పాటపెట్టునపుడు పొలముల మురుగుకాలువ ఎక్కడ కలియుచున్నదో పాటదారునకు ముందుగా చూపవలెను.