1:35 స్కేల్‌లో మన సారథ్: ఏ యాక్సెసరీ కొనాలి, ఏది ఇంట్లో చేసుకోవాలి?

మీర్‌పేట్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో మిలిటరీ మోడల్స్‌కి దొరికే యాక్సెసరీ కిట్ల గురించి చెప్పుకుందాం. చాలామంది పాకెట్ మనీ అంతా దాచి ట్యాంక్ కిట్ కొంటారు. తర్వాత యాక్సెసరీల మీద అంతకంటే ఎక్కువ పెట్టేస్తారు. అన్నీ అవసరమా? లెక్క వేసి చూద్దాం.

ఉదాహరణకి మన బండే తీసుకుందాం, సారథ్. సోవియట్ బీఎంపీ-2ని లైసెన్స్ మీద మన దగ్గర చేస్తే దానికి పెట్టిన పేరు ఇది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో, 1984లో మొదలైన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్‌లో తయారవుతుంది. అందులో వాడే కొంకుర్స్ క్షిపణిని చేసేది బీడీఎల్. ఆ బీడీఎల్‌కి మన పక్కనే కంచన్‌బాగ్‌లో యూనిట్ ఉంది. అర్జున్ ట్యాంక్ కవచానికి కంచన్ అని పేరొచ్చింది కూడా ఈ కంచన్‌బాగ్ నుంచే, ఎందుకంటే దాన్ని తయారుచేసిన డీఎంఆర్ఎల్ ఇక్కడే ఉంది. ఇన్ని బండ్లకి మన ఊరితో లింక్ ఉన్నా, డయోరమా అనగానే మనమంతా జర్మన్ ట్యాంకులే చేస్తాం. అందుకే ఈసారి సారథ్. జ్వెజ్దా, ట్రంపెటర్ లాంటి కంపెనీల బీఎంపీ-2 కిట్‌తో మొదలుపెట్టొచ్చు.

అసలు యాక్సెసరీలు ఎందుకు పుట్టాయి? ప్లాస్టిక్‌ని అచ్చులో మరీ పల్చగా పొయ్యలేం, అదే కారణం. కిట్‌లో ఒక రేకు 0.7 మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి. 35తో గుణిస్తే దాదాపు 25 మిల్లీమీటర్లు! అసలు బండి మీద ఆ రేకు రెండు మిల్లీమీటర్లే ఉండొచ్చు. అందుకే ఫొటో ఎచ్ వచ్చింది. పల్చటి ఇత్తడి రేకు మీద డిజైన్ ముద్రించి, అక్కర్లేని చోట రసాయనంతో తినిపిస్తారు. ఇంజన్ జాలీలు, చిన్న బ్రాకెట్లకి ఇది బెస్ట్. వంచేటప్పుడు విరిగిపోతుంటే కొంచెం మంట మీద వేడిచేసి చల్లారనివ్వండి, మెత్తబడుతుంది.

రెండోది, గన్ బారెల్. సారథ్ గన్ 30 మిల్లీమీటర్లది. మోడల్‌లో ఆ రంధ్రం ఒక మిల్లీమీటర్ కూడా రాదు, 0.86 అంతే. ప్లాస్టిక్ బారెల్‌కి అంత చిన్న రంధ్రం మధ్యలో వెయ్యడం చాలా కష్టం. లేత్ మీద తిప్పిన మెటల్ బారెల్ కొంటే ఆ తలనొప్పి ఉండదు. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

మూడోది, విడి లింకుల ట్రాక్. ఇది ఖరీదు. కానీ బీఎంపీ-2 ట్రాక్ పైభాగం చాలావరకు పక్క రేకుల వెనక దాక్కుంటుంది. కనబడని దానికి అంత డబ్బెందుకు? కిట్‌లో వచ్చింది చాలు.

ఇక సామాన్ల సెట్లు. క్యాన్లు, మూటలు, పెట్టెలు రెజిన్‌లో వస్తాయి. కొనే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నా సీన్‌లో ఈ బండి ఏం చేస్తోంది? బీఎంపీ-2 నీళ్లలో ఈదే బండి. ముందు ఒక అలల రేకు ఉంటుంది, నీళ్లలోకి దిగేటప్పుడు దాన్ని పైకి లేపాలి. కాలువ దాటే సీన్ చేసి, ఆ రేకు మీద మూటలు పేరిస్తే ఎలా లేస్తుంది చెప్పండి? వేరే దేశం బండికి చేసిన సెట్‌ని తెచ్చి అతికిస్తే ఇలాగే అవుతుంది.

వీటిలో చాలావరకు ఇంట్లోనే అవుతాయి. టిష్యూ పేపర్‌ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి మడిస్తే టార్పాలిన్. మెడికల్ షాపులో దొరికే గాజు గుడ్డకి రంగేస్తే వల. పాత ఛార్జర్ వైర్‌లోని రాగి పోగులు మెలేస్తే లాగుడు తాడు. మట్టిని మాత్రం టీ వడపోతతో కాదు, పల్చటి గుడ్డతో జల్లించండి. ఒక మిల్లీమీటర్ ఇసుక రేణువు మీ సీన్‌లో 35 మిల్లీమీటర్ల రాయి అన్నమాట!

నంబర్ల సంగతి కూడా చూసుకోండి. మన సైన్యం బండ్ల నంబర్‌లో పైకి చూపే బాణం గుర్తు ఉంటుంది. కిట్‌లో వచ్చే రష్యన్ స్టిక్కర్లు అతికిస్తే అది సారథ్ కాదు, బీఎంపీ-2 మాత్రమే. రిపబ్లిక్ డే పరేడ్ ఫొటోలు చూసి సన్న బ్రష్‌తో రాసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు, మాస్క్. రెజిన్‌ని రుద్దితే వచ్చే పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మంచిది కాదు. తడి ఎమెరీ పేపర్‌తో రుద్దండి, కిటికీ తెరిచి పెట్టండి, చిన్నపిల్లలుంటే దూరంగా ఉంచండి.

మొత్తానికి బారెల్ కొనండి, వీలైతే ఒక ఫొటో ఎచ్ సెట్. మిగతాది చేతులతో చెయ్యండి. పూర్తయ్యాక మోడల్ పొడవు 19 సెంటీమీటర్లు, దాని పక్కన నిలబడే సైనికుడు 5 సెంటీమీటర్లు. ఎవరైనా చూసి "ఇది ఎక్కడిది?" అంటే, "ఎద్దుమైలారంలో తయారైన బండి" అని చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో దుమ్ము రంగులు ఎలా వెయ్యాలో చూద్దాం. ఉంటా మరి!