బండను తొలుచు మొన

మన గంజాము పల్లెలలో గునపము మొద్దువారినచో కమ్మరి కొలిమికి పంపుదురు. తెలుగు కూలీలనేకులు పనిచేసిన కోలారు బంగారుగనిలో ఈ పని అంత సులభము కాదు. 2001లో మూతపడిన ఆ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు గలది. బంగారమును పొదువుకొన్న పలుగురాయి ఉక్కుమొనను శీఘ్రముగా అరగదీయును. మొనయు కడ్డీయు ఏకఖండమైనచో, బొటనవ్రేలంత మొనకై నిలువెత్తు కడ్డీని మోయవలెను! అందుచే మొనను వేఱుగా చేసి కడ్డీకొనకు బిగించిరి. అరిగినది ఊడదీసి వేఱొకటి తొడిగిన చాలును. 1920 దశకమున జర్మనీలో వెలువడిన టంగ్‌స్టన్ కార్బైడు పలుకును పిమ్మట మొనలకు పొదిగిరి.

నాకు ఇంతకంటె మిన్నగా తోచునది కడ్డీ నడిమి సన్నని రంధ్రము. దానిగుండ వచ్చు నీరు రాతిధూళిని అణచును. ఆ ధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. దానిని కుదుర్చు మందు నేటికిని లేదు.