ఫ్లెక్సీపై అక్షరం చెదరదు, ఫొటో ఎందుకు మసకబారుతుంది?

ఊళ్లో పెళ్లికో, జాతరకో కట్టిన ఫ్లెక్సీని దగ్గరికి వెళ్లి చూడండి. అక్షరాల అంచులు చెక్కినట్టు ఉంటాయి. పక్కనున్న ముఖాలు మాత్రం చాలాసార్లు గళ్లుగళ్లుగానో, మసకగానో కనిపిస్తాయి. ప్రింటర్ ఒకటే, సిరా ఒకటే. తేడా అంతా వాటిని కంప్యూటర్ దాచుకునే పద్ధతిలో ఉంది.

ఫొటో ఒక బిట్‌మ్యాప్ చిత్రం. అంటే పిక్సెళ్లు అనే చిన్న గళ్ల వరుసలు. ఒక్కో గడిలో ఏ రంగు ఉండాలో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. జేపెగ్, పీఎన్‌జీ ఫైళ్లు ఈ రకమే. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను 4 అంగుళాల కాగితంపై ముద్రిస్తే అంగుళానికి 300 పిక్సెళ్లు వస్తాయి. బొమ్మ స్పష్టంగా ఉంటుంది. దాన్నే 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి దక్కేది 10 పిక్సెళ్లే. ఒక్కో గడి రెండున్నర మిల్లీమీటర్లవుతుంది. గళ్లు కనబడకుండా సాఫ్ట్‌వేర్ పక్కపక్క రంగులను కలిపితే, అదే మసకగా తోస్తుంది.

అక్షరాల పద్ధతి వేరు. అది మన చుక్కల ముగ్గులాంటిది. ఎన్ని చుక్కలు, ఏ చుక్కను దేనితో ఎలా కలపాలి అన్నది తెలిస్తే చాలు. నోటు పుస్తకంలో వేసినా, వాకిలి నిండా వేసినా అదే ముగ్గు. వెక్టర్ చిత్రం కూడా బిందువులు, వాటిని కలిపే వంపుల గణితమే. ఎస్‌వీజీ ఫైళ్లు ఈ కోవలోవి. ఈ వంపులను బెజియే వక్రాలంటారు. 1960ల్లో రెనో సంస్థలో కార్ల ఆకృతుల రూపకల్పనకు వీటిని వాడిన ఫ్రెంచ్ ఇంజనీరు పియర్ బెజియే పేరు అలా నిలిచింది. నేటి తెలుగు ఫాంట్లలో 'అ' మెలిక కూడా ఇలాంటి వంపులతోనే తయారవుతుంది. సైజు మారినప్పుడల్లా కంప్యూటర్ దాన్ని కొత్తగా లెక్కగట్టి గీస్తుంది.

మరి అన్నింటినీ వెక్టర్‌గా దాచుకోవచ్చు కదా? లోగోలు, పటాలు, గ్రాఫులకు అది బాగా నప్పుతుంది. ముఖంపై వెలుగునీడలను కొద్దిపాటి గీతల్లో చెప్పలేం. వాటికి బిట్‌మ్యాపే తగినది. ఫొటో ఫైలు పేరు చివర ఎస్‌వీజీ అని మార్చినంత మాత్రాన అది వెక్టర్ అయిపోదు.

ఇప్పుడు కృత్రిమ మేధ పాత ఫొటోలను నిగనిగలాడేలా పెద్దవి చేస్తోంది. అయితే అందులో కొత్తగా కనిపించే వివరాలు కెమెరా చూసినవి కావు, యంత్రం ఊహించినవి. తాతగారి ఫొటో విషయంలో అది ముచ్చటగానే ఉండొచ్చు. సీసీటీవీలోని బండి నంబరుకో, వైద్య స్కానింగుకో ఆ ఊహే ప్రమాదం. మొదట నమోదు కాని సమాచారాన్ని తర్వాత రాబట్టలేం.

అందుకే లోగో చేయించుకుంటే వెక్టర్ ఫైలు అడిగి తీసుకోండి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత ఫొటోను స్కాన్ చేయిస్తే ఎక్కువ పిక్సెళ్లతో చేయించి, ఆ అసలు ఫైలును కుదించకుండా భద్రపరచండి.