మాటకు తలుపు మూయరాదు

ప్రభుత్వమే యజమాని యైనప్పుడు ఉద్యోగులు దేనిని గూర్చి మాటాడవచ్చును? ఈ చిక్కు ప్రశ్న అమెరికాలో నొక బడి జీతముల వివాదమున తేలినది.

జార్జియా రాష్ట్రములోని ఫోర్టు స్టీవార్టు స్థావరమున సైనికుల బిడ్డలకై సైన్యశాఖ పాఠశాలలు నడపుచుండెను. అచ్చటి ఉపాధ్యాయ సంఘము నూటికి 13.5 వంతున జీతపు హెచ్చును, ప్రయాణపు ఖర్చులను, జీతముతోడి సెలవులను కోరెను. అధికారులు చర్చకే సమ్మతింపరైరి. ఉద్యోగ పరిస్థితులను గూర్చి సంఘముతో సంప్రదింపవలెనని 1978 నాటి చట్టము శాసించినది నిజమే. కాని జీతభత్యములు ఆ మాటలో చేరవనియు, బడ్జెటు నిర్ణయము తమదేననియు వారు వాదించిరి.

1990లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా నా వాదమును త్రోసివేసెను. బడ్జెటునకు భంగమని పలికిన చాలదు, నిరూపింపవలెను. ఆ దేశమున కేంద్రోద్యోగులలో పెక్కుమంది జీతములను శాసనమే నిర్ణయించును. ఈ ఉపాధ్యాయుల జీతములన్ననో అధికారుల చేతిలోనివే. చేతిలో నున్నదానిని గూర్చి చర్చింపమనుట న్యాయమగునా?

ఒక్కటి గమనింపదగును. జీతము పెంపుమని న్యాయస్థానము చెప్పలేదు; కూర్చుండి మాటాడు డని మాత్రమే చెప్పినది. అచ్చటి కేంద్రోద్యోగులకు సమ్మె నిషిద్ధము. సమ్మెను మాన్పించిన ప్రభుత్వము సంభాషణమును గూడ మాన్పించినచో, వారికి మిగులునది మౌనమే. మౌనమును సమ్మతియని భ్రమించుట పాలకులకు క్షేమము కాదని మా యభిప్రాయము.