నాలుగు అద్దాల కవచం

పిల్లలూ! కవచం అనగానే మీకు కర్ణుడు గుర్తుకు వస్తాడు. ఆయనకు కవచం పుట్టుకతోనే వచ్చింది. తక్కిన వీరులందరూ చేయించుకోవలసిందే. బడి వార్షికోత్సవంలో అభిమన్యుడి వేషమో, రుద్రమదేవి వేషమో వేయవలసిన మీకూ ఆ పని తప్పదు. "ఇనుము కావాలి, కొలిమి కావాలి, అంత డబ్బెక్కడిది?" అని చాలామంది మొదలుపెట్టకుండానే మానుకుంటారు. కాని మొదటి కవచానికి కావలసిన వస్తువులు చాలావరకు కామారెడ్డి బజారులోనూ, యెల్లారెడ్డి అంగట్లోనూ ఊరికే దొరుకుతాయి.

చవక వస్తువులతో గొప్ప పని జరగదని అనుకోకండి. ఈ రెండు ఊళ్లు 2016 దాకా నిజామాబాదు జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. అక్కడి కమ్మరులు తయారుచేసిన ఉక్కు కోసం పారసీక దేశంనుంచి వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పనిని గురించి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇనుమును మూసలో పెట్టి, మూత బిగించి, చాలాసేపు కాచి, మెల్లగా చల్లారనిచ్చేవారు. ఆ మూసలు దేనితో చేసినవో తెలుసా? మట్టి, వరి ఊక! ప్రపంచం మెచ్చిన ఉక్కు ఊక కలిపిన మట్టిలో పుట్టింది. వస్తువు చవకదే, పనితనమే విలువైనది.

మనం చేయబోయే కవచం పేరు "చహార్ ఆయినా". పారసీక భాషలో "నాలుగు అద్దాలు" అని అర్థం. మొగలుల కాలపు యోధులు ఉక్కు కడియాల చొక్కామీద దీన్ని ధరించేవారు. ఎదురురొమ్ముకు ఒక పలక, వీపుకు ఒకటి, రెండు చంకల కింద రెండు, అంతే. హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చూడండి. పలకలను ఎలా వంచారో, అంచులను ఎలా తీర్చారో గమనించండి. చూచి నేర్చుకోవటానికి మించిన పనిముట్టు లేదు.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. రెండు పుస్తకాలను కొద్దిగా ఎడంగా పెట్టి, వాటిమీద ఒక పోస్టుకార్డు పరచండి. నడుమ నాలుగు నాణేలు పెడితే కార్డు కుంగుతుంది. అదే కార్డును విసనకర్రలాగా మడతలు పెట్టి, మళ్లీ పరచి చూడండి. ఇప్పుడు ఎక్కువ నాణేలను మోస్తుంది. కాగితం మారలేదు, ఆకారం మారింది. వంపూ, మడతా బలాన్ని ఇస్తాయి. కవచం పలకలను వంచటానికి ఒక కారణం ఇదే.

ఇక పని. దర్జీల టేపుతో కొలతలు తీసుకోండి. పాత వార్తాపత్రికను పలకల ఆకారంలో కత్తిరించి ఒంటికి పెట్టి చూడండి. పక్క పలకలకు చంక దగ్గర లోతుగా వంపు తీయాలి, లేకపోతే చెయ్యి ఆడదు. పత్రిక సరిపోయిన తరువాతే అట్టను కొయ్యండి. కిరాణా దుకాణంలో ఖాళీ అట్టపెట్టెలు అడిగితే ఇస్తారు. అట్టలోని గాళ్లు నిలువుగా ఉండేటట్టు చూసుకుంటే పలక ఒంటి చుట్టూ సులువుగా వంగుతుంది.

ఒక్కొక్క పలకకు రెండు అట్టలను మైదాపిండి జిగురుతో అంటించి, తడి ఆరకముందే బిందె చుట్టూ తాడుతో కట్టండి. మరునాటికి ఎండి, ఆ వంపు నిలిచిపోతుంది. అంచులకు పాత గుడ్డ పీలికలు అంటించి, చెప్పులు కుట్టేవారి ఆరెతో రంధ్రాలు చేయండి. పలకలను పురికొసతో కట్టండి. పక్కల మాత్రం సైకిలు దుకాణంలో పారవేసిన ట్యూబు ముక్కలు వాడితే, ఊపిరి పీల్చినప్పుడు సాగుతాయి. చింతగింజలు వరుసగా అంటించి వెండిరంగు పూస్తే, అచ్చం మేకు తలల్లాగా ఉంటాయి. కొనవలసింది రంగూ, ఆరే, కాస్త మైదాపిండీ మాత్రమే!

అట్ట కవచం కుదిరినవారు ఆ కొలతలతోనే రేకు పని మొదలుపెట్టవచ్చును. ఖాళీ నూనె డబ్బా రేకు చాలు. రేకు కత్తెర, గుండ్రని తల గల సుత్తి కొనాలి. దాగలి అక్కరలేదు, గుంట తీసిన మొద్దుమీద పెట్టి కొట్టినా రేకు వంపు తిరుగుతుంది. అయితే కోసిన రేకు అంచు కత్తివంటిది. చేతులకు తొడుగులు ఉండాలి, పెద్దలు పక్కన ఉండాలి, ప్రతి అంచునూ లోపలికి మడవాలి. పైకప్పు రేకులకు జింకు పూత ఉంటుంది. దాన్ని నిప్పులో పెడితే వచ్చే పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది. కాబట్టి ఆ రేకును ఎన్నడూ కాల్చకండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. అద్దెకు తెచ్చిన వేషం ఒక్క పూటలో ముగిసిపోతుంది. పిల్లవాడు కొలిచి, కోసి, కట్టుకున్న కవచం చిరిగిపోయినా, చేతికి వచ్చిన పని పోదు. ఇంట్లో ఒక మూల నాలుగు రోజులు చెత్త పడితే ఓర్చుకోండి.