వెదకినది దొరకు విధము

పెక్కు వస్తువులను ప్రోగుచేయుట సులభము; వానిలో కావలసినదానిని వేళకు తీసియిచ్చుటయే కష్టము. గ్రంథాలయములలో నీ చిక్కును విడదీయుటకు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన శియాలి రామామృత రంగనాథన్ గారు పాటుపడిరి. 1933లో వెలువడిన వారి కోలన్ వర్గీకరణము ఒక్కొక్క గ్రంథమును విషయము, స్థలము, కాలము మొదలగు పెక్కు ముఖములనుండి పరిశీలించును.

నేటి వెబ్‌సైట్లకును ఇట్టి చిక్కే కలదు. వెబ్‌సైటును నడుపుటకు వాడు సాధనములలో 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ యొకటి. అందు వార్తలు, పుస్తకములు, ఫొటోలు అని వేరు వేరు రకములను మనమే యేర్పరచుకొనవచ్చును. ప్రతి యంశమునకును కస్టమ్ ఫీల్డు అను చీటీని తగిలింపవచ్చును. చీటీకి రెండు భాగములు: పేరు, విలువ. ‘గ్రామము’ అనునది పేరైనచో, ఆ గ్రామనామమే విలువ. ఈ చీటీలన్నియు వేరొక పట్టికలో నిలిచియుండును. మూడు రకములలోను ఫలానా గ్రామమునకు చెందినవానిని చూపుమని యడిగినచో, కంప్యూటరు ఆ పట్టికను చూచి, సరిపోలినవానిని మాత్రమే యేరి యిచ్చును.

అయితే కంప్యూటరునకు మన మనస్సు తెలియదు. నేను పనిచేసిన పాఠశాలకు ఇట్టి వెబ్‌సైటును సిద్ధపరచితిమి. ఒకనాడు పూర్వవిద్యార్థిని యొకతె వచ్చి తన గ్రామము పేరిట వెదకినది. వార్తలు వచ్చినవి, పుస్తకములు వచ్చినవి, ఫొటో యొక్కటియు రాలేదు. “మాస్టారూ, బావి త్రవ్వించిన నాటి ఫొటోలో మా నాన్నగారు ఉండవలెను. మా యింట ఆయన ఫొటో వేరొకటి లేదండీ” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. లేదు కాబోలునని చెప్పి పంపితిని.

మూడు దినములకు కాని నా తప్పు నాకు తెలియలేదు. వార్తలకును పుస్తకములకును ‘గ్రామము’ అని వ్రాసిన నేనే, ఫొటోలకు ‘ఊరు’ అని వ్రాసియుంటిని! మనకు రెండును ఒకటే, యంత్రమునకు వేరు. పేరు మార్చిన తక్షణమే ఆ ఫొటో కనబడినది. దాని ప్రతిని తీసికొని నేనే ఆమె యింటికి పోయితిని.

కావున విద్యార్థులారా! మూడు సంగతులు గుర్తుంచుకొనుడు. అన్ని రకములకును ఫీల్డు పేరొక్కటే యుండవలెను. ఏ యంశమునకు చీటీ లేదో, ఆ యంశము వడపోతలో జారిపోవును. అంకెలను అంకెలుగా నెంచుమని చెప్పనిచో, యంత్రము వానిని అక్షరములవలె పోల్చి 100ని 20కి ముందు నిలుపును. ఏలయన 1 అను గుర్తు 2 కంటె ముందుది.

దాచినవానికి జ్ఞాపకమున్న చాలదు, వెదకువానికి దొరకవలెను. చీటీ వ్రాయునపుడు చూపిన శ్రద్ధ, ఎన్నడో వచ్చి యడుగబోవు అపరిచితునకు మనము చేయు ఉపకారము.