వల వెయ్యని నీళ్లలో

మా శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ వలస వెళ్లి, పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ మత్స్యకారులు ఎందరో. మా చిన్నాన్న వారిలో ఒకడు. ఒకసారి సెలవులకు ఆయన దగ్గరికెళ్లి, స్కూబా నేర్చుకుని వాండూరు పార్కులో పగడాలు చూస్తానన్నాను. ఆయన నవ్వి, "అక్కడ మాం వలెయ్యకూడదంట. మరి నువ్వు తొక్కొచ్చేటి బావూ?" అన్నాడు. జవాబు తోచలేదు.

వాండూరు దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు 1983లో ఏర్పడింది. 281.5 చదరపు కిలోమీటర్లలో ఎక్కువ భాగం నీరే. సందర్శకులకు జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల్లో ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి ఇస్తారు. ప్లాస్టిక్ వెంట తీసుకెళ్లనివ్వరు.

ఇక స్కూబా సంగతి. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని నేనూ అనుకున్నాను. కాదు, మామూలు గాలే. దాదాపు 200 రెట్ల పీడనంతో కూరతారు. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లవచ్చు. అందుకే మొదటి పాఠం: ఊపిరి ఆపవద్దు. రెండోది ఇంకా కష్టం: మునగకుండా, తేలిపోకుండా నీటి మధ్యలో నిలకడగా ఉండటం.

ఆ రెండో పాఠంలోనే నేను తప్పాను. స్వరాజ్ ద్వీప్‌లో సాధన చేస్తుండగా తూకం తప్పి, కాలి రెక్క తగిలి ఒక పగడపు కొమ్మ పుటుక్కున విరిగింది. పగడం రాయి కాదు గదా! చిన్న చిన్న జీవుల కాపురం. కొన్ని రకాలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబోయాయి. ఆ వేడిని ఏ పార్కు సరిహద్దూ ఆపలేదు. దానికి తోడు మన కాళ్లు కూడానా?

విరిగిన ముక్క తెచ్చుకుందామనిపించింది. కాని 2001 నుంచి పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది; ముక్క తేవడమూ నేరమే. వదిలేసి వచ్చాను.

ఇంటికెళ్లి జరిగింది చెప్పాను. చిన్నాన్న కోప్పడలేదు. "మా వేట పోయింది అది బతకాలనే గదేటి" అని ఊరుకున్నాడు. వేటకు వెళ్లినవాడు పొట్ట కోసం వెళ్తాడు. నేను వెళ్లింది సరదాకి.

మిత్రులారా, మీరూ వెళ్లండి. కాని నీటిలో నిలకడ కుదిరేదాకా ఇసుక నేల మీదే సాధన చెయ్యండి. ఆ తర్వాతే పగడాల దగ్గరికి పోదాం.